రేవులో ఒక కేవు, నడిసముద్రమున వేరొక కేవు

పడవ దాటించువానికి ఇచ్చు కూలిని మనవారు కేవు అందురు. కేవు ఎంతయో పడవలో కాలు పెట్టకమునుపే తేలవలయును; నడియేట బేరము న్యాయముగాదు. "ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య" అను సామెత ప్రయాణికుని కృతఘ్నతను గూర్చి పుట్టినది. నేటి విహారనౌకల వర్తకమున ఈ సామెత తలక్రిందులైనది. ఓడ యెక్కువరకు ప్రయాణికుడే ఓడ మల్లయ్య. ఎక్కినతోడనే అతడు బోడి మల్లయ్య యగుచున్నాడు. పసిబిడ్డలను వెంటబెట్టుకొని పోవు గృహస్థునకు ఈ గతి మరింత త్వరగా పట్టుచున్నది.

ఈ ప్రసంగము మనకేల యని కొందరడుగవచ్చును. 2022 జూన్ నెలలో విశాఖపట్టణమునకు విహారనౌక వచ్చి ప్రయాణికులను చెన్నపట్టణమునకు గొనిపోయినది. 2023 సెప్టెంబరులో ఆ రేవున సుమారు 96 కోట్ల రూపాయల వ్యయముతో కట్టిన అంతర్జాతీయ విహారనౌకా ఘట్టము ప్రారంభమైనది. 2024 సెప్టెంబరు 30వ తేదీన కేంద్రప్రభుత్వము ముంబయిలో క్రూజ్ భారత్ మిషన్ అను కార్యక్రమము నారంభించి, 2029 నాటికి ఈ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేయ సంకల్పించినది. తెలుగు కుటుంబములు సింగపూరునకు పోయి ఓడ యెక్కుటయు, అమెరికాలోని మనవారు బిడ్డలతో ఫ్లోరిడా రేవులనుండి కరిబియను దీవులకు పోవుటయు నేడు వింతగాదు. ప్రజాధనముతో ఘట్టములు వెలయుచున్నపుడు ఆ ఘట్టమున ప్రజలకు చెప్పబడు లెక్క సరియైనదా యని అడుగుట పత్రికల విధి.

ఆ లెక్క ఎట్టిదో మొదట చూతము. విహారనౌకల ప్రకటనలలో కనబడు ధర తలకు ఇంత యనియుండును. కాని ఆ ధర ఒక గదిలో ఇద్దరుందురను లెక్కపై కట్టినది. గదిలోని మొదటి యిద్దరును పూర్తి ధర చెల్లింపవలయును; మూడవవారికిని నాల్గవవారికిని తగ్గింపు ఉండును. చాల సంస్థలలో ఈ మొదటి యిద్దరి వయస్సెంత యను ప్రశ్నయే లేదు. తల్లియొకతె రెండేండ్ల బిడ్డతో పోదలచినచో ఆ బిడ్డయే గదిలో రెండవ మనుష్యుడు. కావున ఊయలలో నిద్రించు ఆ శిశువు, అర్ధరాత్రివరకు విందులును వినోదములును అనుభవించు పెద్దమనుష్యునితో సమానముగా పూర్తి ధర చెల్లించుచున్నాడు. భర్తను గోల్పోయిన యిల్లాలు, భార్యను గోల్పోయిన తండ్రి, భర్త దూరదేశమున ఉద్యోగము చేయుచుండగా ఒంటరిగా బిడ్డను పెంచు తల్లి - వీరికే ఈ భారము ముందుగా తగులుచున్నది. ఇద్దరు పెద్దలున్న కుటుంబమునకు దొరకు తగ్గింపు, ఒక్క పెద్దదిక్కు గల కుటుంబమునకు దొరకకపోవుట ఏ ధర్మము? చేయూత అవసరమైనచోట చేయి చాపి అడుగుటయే ఈ ఏర్పాటులోని విశేషము.

ఇక ఇద్దరు పెద్దలున్నవారి సంగతి. "పిల్లలకు ఉచితము" అను పెద్ద యక్షరముల ప్రకటన వీరికొరకే పుట్టినది. లెక్క తెలియుటకై ఒక ఉదాహరణము కల్పించుకొందము. తలకు 30,000 రూపాయలు ధర యనుకొందము. దంపతులకు 60,000, ఇద్దరు బిడ్డలకు ఉచితము. గృహస్థు సంతోషించి డబ్బు కట్టబోవును. అప్పుడు రేవు రుసుములు, పన్నులు, బక్షీసు అను మూడు పద్దులు తలయెత్తును. ఇవి తలకు 6,000 రూపాయలైనచో నలుగురికి 24,000. అందులో సగము, అనగా 12,000 రూపాయలు, ఉచితముగా వచ్చుచున్న బిడ్డల పేరనే వ్రాయబడును. ఉచితమను మాటకు మన నిఘంటువులలో ఈ యర్థము లేదు. గది కిరాయి మాత్రమే ఉచితమనుచో ఆ మాటయే వ్రాయవలయును. ధరను పెద్ద అక్షరములలోను, షరతును చీమతలకాయ లంత అక్షరములలోను అచ్చువేయుట వర్తకము గాదు, కనుకట్టు.

బక్షీసు పద్దును గూర్చి వేరుగ చెప్పవలసియున్నది. బక్షీసనగా సేవకుని సేవకు మెచ్చి ప్రయాణికుడు తన ఇష్టము కొలది ఇచ్చునది. విహారనౌకలలో ఇది దినమునకు, తలకు ఇంతయని ముందే లెక్కగట్టి ఖాతాలో వ్రాయబడుచున్నది. అమెరికా రేవులనుండి నడుచు పెద్ద సంస్థలలో ఇది సామాన్యముగా దినమునకు తలకు 16 నుండి 20 డాలర్ల వరకు ఉండును. కొన్ని సంస్థలు రెండు మూడేండ్ల లోపు శిశువులను మినహాయించుచున్నవి. వాటిని మేము మెచ్చుచున్నాము. కొన్నిటికి ఆ మాత్రపు దయయు లేదు. పాలుత్రాగు బిడ్డ ఏ పరిచారకుని సేవను మెచ్చి ఏడు దినములు వరుసగా బక్షీసు ఇచ్చుచున్నాడో ఓడవారే సెలవీయవలయును. ఓడలో పనిచేయువారికి మంచి జీతము ముట్టవలయుననుటలో మాకు భేదము లేదు. జీతమిచ్చు భారము యజమానిది. దానిని ప్రయాణికుని తలపైకి, అచ్చటినుండి వాని బిడ్డ తలపైకి దించుట తగదు.

ఇంత చెల్లించిన బిడ్డకు ఓడలో దొరకునదేమి? అమెరికా ఆరోగ్యశాఖవారి నౌకా పారిశుధ్య నిబంధనల ప్రకారము డయపరు మానని పిల్లలను సాధారణ ఈతకొలనులలో దింపరాదు. అది ఆరోగ్యమునకు మంచి నియమమే. దానిని మేము తప్పుపట్టము. పిల్లల ఆటశాలలలో సామాన్యముగా మూడేండ్లు నిండి, డయపరు మానినవారికే ప్రవేశము. అంతకు చిన్నవారికి కొన్ని ఓడలలో శిశుశాలలున్నను, అవి తరచుగా గంటకు ఇంతయని వేరు రుసుము పుచ్చుకొనును. కొన్ని ఓడలలో అవియు లేవు. బిడ్డకు జ్వరమో వాంతియో వచ్చినచో వైద్యశాల యుండును గాని అది ధర్మాసుపత్రి గాదు. చూచినందుకు వేరు, మందునకు వేరు లెక్క. ఈ విధముగా తక్కువ అనుభవించువాడు పూర్తిగా చెల్లించుచున్నాడు. వానికి నిజముగా కావలసినదానికి మరల చెల్లించుచున్నాడు. ఈ సంగతులలో ఎన్ని టికెట్టు కొనకమునుపు తల్లి చెవిని పడుచున్నవి?

ఓడవారు ఒక సమాధానము చెప్పుదురు. అది వినదగినదే. రైలులో అయిదేండ్ల లోపు బిడ్డ వేరు బెర్తు కోరనిచో ఛార్జీ లేదు. విమానమున రెండేండ్ల లోపు శిశువు తల్లి ఒడిలో కూర్చుండును. ఓడలో అట్లుగాదు. టైటానిక్ మునిగిన పిమ్మట 1914లో పుట్టి, పలుమారులు సవరింపబడిన సముద్ర ప్రాణరక్షణ ఒడంబడిక ప్రకారము ఓడలోని ప్రతి ప్రాణికిని రక్షణ పడవలో చోటుండవలయును. శిశువునకు శిశుపరిమాణముగల లైఫ్‌జాకెట్టు ఉండవలయును. ఆ లెక్కలో ఒడి యనునది లేదు. బిడ్డయు ఒక ప్రాణమే. ఈ వాదమును మేము కాదనము. బిడ్డ నిమిత్తము కొంత పుచ్చుకొనుట న్యాయమే. అయినచో ఆ మాట మొదటనే ఏల చెప్పరు? రక్షణ పడవలో స్థానమునకు వెలగట్టువారు ప్రకటనలో ఉచితమని ఏల వ్రాయుదురు? రక్షణ పడవలో పసివాని స్థానము పెద్దవాని స్థానముతో సమానమగుగాక. భోజనశాలలోను, నాట్యశాలలోను, ఈతకొలనులోను సమానమని ఎవరు చెప్పగలరు? ఒక పద్దు న్యాయమైనంత మాత్రమున దాని నీడలో దాగిన పద్దులన్నియు న్యాయములు గాజాలవు.

చట్టము లేదనుటకును వీలులేదు. 2022 జూన్ నెలలో మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వెలువరించిన నిబంధనలలో ఉచితమని చెప్పు ప్రకటనలకు హద్దులు విధింపబడినవి. 2023 నవంబరు 30వ తేదీ నాటి నిబంధనలు, ధరను బొట్టుబొట్టుగా బయటపెట్టుటను, కొనువాడు కోరని పద్దును వాని బుట్టలోనికి జారవిడుచుటను నిషిద్ధములైన పన్నాగములలో చేర్చినవి. హోటళ్లలో అడుగకయే సేవారుసుము కలుపరాదని 2022 జూలైలో ఆ సంస్థయే ఆదేశింపగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశమును సమర్థించినది. భూమిమీది హోటలునకు తగని పని నీటిమీది హోటలునకు ఎట్లు తగును? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రము దాపరికపు రుసుములను నిషేధించు చట్టమును 2024 జూలై 1 నుండి అమలుపరచగా, పెద్ద నౌకాసంస్థలు ఆ దేశమంతటను పన్నులను, రేవు రుసుములను కలిపియే ధర చూపసాగినవి. బక్షీసు మాత్రము వెలుపలనే మిగిలినది. ఒక రాష్ట్రము గట్టిగా నిలిచినంతనే జరిగిన పని, ఇంత దేశము నిలిచిన జరుగదా?

కావున మేము కోరునది స్పష్టము. మన రేవులలో ఆగు ప్రతి విహారనౌకయు, మన దేశమున టికెట్టులమ్ము ప్రతి సంస్థయు కుటుంబమునకు కాగల మొత్తమును, బిడ్డల వయస్సు ననుసరించి, మొదటి పుటలోనే ప్రకటింపవలయును. రూపాయి అడుగుచోట ఉచితమను మాట వాడరాదు. బక్షీసు పసిబిడ్డల పేర వ్రాయరాదు. పెద్దల పేరనైనను వారడుగక వ్రాయరాదు. ఒంటరి తల్లి లేక తండ్రితో వచ్చు బిడ్డకు మూడవ ప్రయాణికునికిచ్చు తగ్గింపునే ఈయవలయును. మూడేండ్ల లోపు వారికి ఓడలో ఏవి దొరకవో డబ్బు పుచ్చుకొనకమునుపే చెప్పవలయును. రేవుల యధికారులు ఘట్టమున చోటిచ్చునపుడు ఈ షరతులను వ్రాయించుకొనవచ్చును. ప్రజాధనముతో కట్టిన ఘట్టమునకు ఆ మాత్రపు నోరు ఉండవలదా?

తల్లిదండ్రులకును ఒక మాట. బిడ్డలకు సముద్రము చూపవలదని మేమనము. ఆరు నెలలు నిండని శిశువును చాల ఓడలు ఎక్కించుకొనవు. మహాసముద్రము దాటు దీర్ఘయాత్రలకు ఏడాది నిండవలయును. పొరుగువారు పోయిరని అప్పుచేసి పోవుటకు ఇది తిరుపతి మ్రొక్కు గాదు. పోదలచినవారు ధరనడుగక, "మా నలుగురము ఎక్కి దిగువరకు ఎంత?" యని అడుగవలయును. ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానము చెప్పలేని సంస్థకు డబ్బు కట్టకుండుటయే మేలు. మన తాతలు పడవవాని కడ కేవు తేల్చుకొనియే కాలు పెట్టిరి. ఓడ పెద్దదైనంత మాత్రమున ఆ బుద్ధి చిన్నది కానక్కరలేదు.