ఆకు ఫోటో తీస్తే రోగం తెలిసిపోతుందా?

ఈ మధ్య ఏ కంపెనీలో హ్యాకథాన్ జరిగినా ఒక టీమ్ మాత్రం గ్యారంటీగా ఉంటుంది. రైతు ఆకు ఫోటో తీస్తాడు, మన ఏఐ రోగం పేరు చెప్తుంది, కింద కొట్టాల్సిన మందు చూపిస్తుంది. చివరి స్లైడులో పచ్చటి పొలం, తలపాగా చుట్టుకున్న రైతు, చేతిలో ఫోను, మొహం నిండా నవ్వు. చప్పట్లు, ప్రైజు. సోమవారం నుంచి మళ్ళీ ఎవరి టికెట్లు వాళ్ళవి.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పేస్తా. పళ్ళతోటలకీ, కొబ్బరి లాంటి ఏళ్ళ తరబడి బతికే చెట్లకీ ఈ పద్ధతి పనికిరాదు. అంతటితో ఆగితే ఫరవాలేదు, నష్టం కూడా చేస్తుంది. తిట్టేవాళ్ళు చివరిదాకా చదివి తిట్టండి :)

ముందు మన భాషలోనే మాట్లాడుకుందాం. ఈ యాపుల్లో చాలావాటికి మూలపురుషుడు ప్లాంట్‌విలేజ్ అనే డేటాసెట్. 2016లో దాని మీద ఒక పేపరు వచ్చింది. 54,306 ఫోటోలు, 14 పంటలు, 26 తెగుళ్ళు, 99.35 శాతం ఆక్యురసీ. ఈ నంబరు అందరి స్లైడుల్లోనూ కనిపిస్తుంది. అదే పేపర్లో ఇంకో నంబరు కూడా ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇచ్చి చూస్తే అదే మోడల్ 31 శాతం దగ్గరికి పడిపోయింది. పేపరు రాసినవాళ్ళు నిజాయితీగానే రాశారు, దాచుకున్నది మనం.

ఎందుకు పడిపోయింది? ఆ ఫోటోలన్నీ ఆకు తుంచి, సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి. 2022లో ఒకాయన సరదా పరీక్ష చేశాడు. ఆకు జోలికి పోకుండా, ప్రతి ఫోటోలోనూ బ్యాక్‌గ్రౌండ్ నుంచి 8 పిక్సెళ్ళు మాత్రం తీసుకుని మోడల్‌కి నేర్పాడు. 49 శాతం కరెక్టుగా చెప్పింది! గుడ్డిగా చెప్తే 2.6 శాతం రావాలి. అంటే మోడల్ తెగులుతో పాటు ఫోటో తీసిన బల్లని కూడా గుర్తుపట్టడం నేర్చుకుందన్నమాట. మన ప్రాజెక్టులో జూనియర్ ఎవరైనా ఇలాంటి టెస్ట్ రిజల్ట్ పట్టుకొస్తే కోడ్ రివ్యూలోనే చీల్చి చెండాడతాం. రైతుకి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ పట్టింపు ఎక్కడికి పోతుందో!

"సరే, తోటల్లో తీసిన ఫోటోలతో నేర్పిస్తే సరిపోతుంది కదా" అంటారు. కొంత మెరుగవుతుంది, ఒప్పుకుంటా. కానీ అసలు చిక్కు వేరే ఉంది. చాలా తెగుళ్ళకి కావాల్సిన సమాచారం ఆ ఆకు ఫోటోలో ఉండనే ఉండదు. లేని ఫీచర్‌ని ఎంత పెద్ద మోడల్ పెట్టినా ఎక్కడ్నుంచి తెస్తారు? మూడు ఉదాహరణలు చూడండి.

ఒకటి, దానిమ్మ. అనంతపురం వైపు దానిమ్మ వేసినవాళ్ళని అడగండి, బ్యాక్టీరియా మచ్చ తెగులు అంటే ఏమిటో చెప్తారు. మహారాష్ట్రలో దీన్నే తేల్యా అంటారు, నూనె మరకలా ఉంటుందని. మొదట్లో ఆకు మీద చిన్న మచ్చ. ఆకుని ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తే నీళ్ళు నానినట్టు, నూనె అంటినట్టు మెరుస్తుంది. ముదిరాక కాయ మీద మచ్చ దగ్గర చర్మం అడ్డదిడ్డంగా పగులుతుంది. సెర్కోస్పోరా అనే శిలీంధ్రం వల్ల కూడా దానిమ్మకి మచ్చలు వస్తాయి, వాటికి ఈ పగుళ్ళు ఉండవు. తొలిరోజుల్లో, పైనుంచి తీసిన ఫోటోలో రెండూ నల్లటి చుక్కలే. తేల్చాలంటే మచ్చ అంచున చిన్న ముక్క కోసి, నీటి చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద చూడాలి. బ్యాక్టీరియా అయితే కోసిన అంచు నుంచి పొగలా బయటికొస్తుంది.

ఇది పేరు గొడవ మాత్రమే అయితే వదిలేద్దును. కార్బెండజిమ్ శిలీంధ్రం కణంలోని ఒక ప్రోటీన్‌ని పట్టుకుని పనిచేస్తుంది. బ్యాక్టీరియా మీద దాని ప్రభావం సున్నా. డబ్బులు నేలపాలు, ఈలోపు వాన పడితే తెగులు తోటంతా పాకుతుంది. తిరగేసి చూస్తే ఇంకా ఘోరం. శిలీంధ్రానికి బ్యాక్టీరియా అని పేరు పెడితే రైతు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన మందు కొడతాడు. స్ట్రెప్టోమైసిన్ మనుషులకి క్షయకి వాడే మందు. ఆ మిశ్రమాన్ని పంటల మీద వాడకుండా ఆపడానికే కేంద్రం 2021 డిసెంబర్లో ఉత్తర్వు తెచ్చింది, 2024 జనవరి 1 నుంచి వాడకం పూర్తిగా ఆపాలని. తోటలో తప్పు లేబుల్ పడితే దాని బిల్లు ఆసుపత్రి దాకా వస్తుంది.

రెండు, చీనీ, బత్తాయి. ఆకులు పచ్చబడ్డాయి. జింకు లోపమా, గ్రీనింగ్ తెగులా? జింకు లోపమైతే ఈనెల మధ్య పసుపు నడిమి ఈనెకి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గ్రీనింగ్ అయితే ఒక వైపు ఒకలా, రెండో వైపు ఇంకోలా చెదురుమదురుగా ఉంటుంది. వినడానికి సులువే. కానీ గ్రీనింగ్ వచ్చిన చెట్టులో జింకు లోపం లక్షణాలు కూడా కనిపిస్తాయి, రెండూ కలిసే ఉంటాయి. ఖాయంగా చెప్పాలంటే పీసీఆర్ పరీక్ష చెయ్యాలి. గ్రీనింగ్‌కి మందు లేదు. దాన్ని జింకు అనుకుని స్ప్రే కొడుతూ కూర్చుంటే సిల్లా పురుగు ఆ బ్యాక్టీరియాని పక్క చెట్లకి మోస్తూనే ఉంటుంది. జింకు లోపాన్ని గ్రీనింగ్ అనుకుంటే కాపు కాసే చెట్టుని నరికేస్తారు. ఏది తక్కువ తప్పో మీరే చెప్పండి.

మూడు, కొబ్బరి. గానోడెర్మా తెగులు వేళ్ళలోంచి వస్తుంది. మొదలు దగ్గర కాండం పగుళ్ళలోంచి ఎర్రటి గోధుమరంగు జిగురు కారుతుంది. ఆకులు వేలాడే సరికి లోపల వేళ్ళు చాలా భాగం కుళ్ళిపోయి ఉంటాయి. ఆకు ఫోటో అడిగే యాప్ ఇక్కడ చేసేది పోస్ట్‌మార్టమ్. ఇక మొవ్వు కుళ్ళు. మొవ్వు ఆకు పట్టుకుని లాగితే ఊడి చేతికొస్తుంది, దుర్వాసన వస్తుంది. ఫోనుకి ముక్కు లేదు కదండీ. పైగా దీనికి కారణమైన ఫైటాఫ్తోరాని చాలా యాపులు శిలీంధ్రం డబ్బాలో వేస్తాయి. అది అసలైన శిలీంధ్రమే కాదు, ఊమైసీట్ అనే వేరే జాతి. కార్బెండజిమ్, హెక్సాకొనజోల్ లాంటి మామూలు శిలీంధ్రనాశనులు దాని మీద సరిగా పనిచెయ్యవు. ఈ పేరు వెనక మన గడ్డకీ చరిత్ర ఉంది. గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వు కుళ్ళుని పరిశీలించి బట్లర్ అనే శాస్త్రవేత్త 1907లో దీన్ని వర్ణించాడు. ఆయన చేతిలో మొబైల్ లేదు, ఓపిక ఉంది.

ఇక మీరు వెయ్యబోయే ప్రశ్న నాకు తెలుసు. "ఇవన్నీ సరే, ఇప్పుడు రైతుకి దిక్కెవరు? పురుగుమందుల షాపే కదా. దానికన్నా యాప్ నయం కాదా?" మంచి ప్రశ్నే. షాపులో ఏ డబ్బా మిగిలితే అదే మందవుతుంది, నిజమే. మరి మీ యాప్‌కి డబ్బులు ఎక్కడ్నుంచి వస్తున్నాయి? రోగం పేరు కింద "ఇప్పుడే కొనండి" అనే బటన్ ఉంటే అది షాపుకి ప్రత్యామ్నాయం కాదు, అదే షాపు, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండేది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అనే సామెతకి ఇంతకన్నా అచ్చమైన ఉదాహరణ దొరకదు.

నేను టెక్నాలజీ వద్దనట్లేదు. సమస్య తప్పుగా రాసుకున్నాం అంటున్నా. రైతుకి కొరతగా ఉన్నది రోగం పేరు ఊహించేవాడు కాదు, ఖాయం చేసేవాడు. నమూనా ల్యాబ్ దాకా వెళ్ళడం, జవాబు టైముకి తిరిగి రావడం. కొబ్బరికి అంబాజీపేటలో, నిమ్మజాతికి తిరుపతిలో పరిశోధనా స్థానాలున్నాయి, దానిమ్మకి సోలాపూర్లో జాతీయ కేంద్రం ఉంది. జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. తోటకీ వాటికీ మధ్య ఉన్నది క్యూ, ట్రాకింగ్, రిమైండర్ సమస్య. అది మనం రోజూ చేసే పని! కాకపోతే డెమోలో మెరవదు.

నిజంగా కట్టాలనుకునేవాళ్ళకి నా లిస్టు:

1. ఒక్క ఆకు ఫోటో వద్దు. ఆకుని ఎండకి పట్టి ఒకటి, అడుగు వైపు ఒకటి, కాయ, కాండం మొదలు, మొత్తం చెట్టు.
2. ప్రశ్నలు అడగండి. ముదురాకుల్లో మొదలైందా, లేతాకుల్లోనా? ఒక్క చెట్టుకా, వరస మొత్తానికా? వాన ఎప్పుడు పడింది? ఇంతకుముందు ఏం కొట్టారు?
3. "తెలియదు, నమూనా పంపండి" అనేది కూడా ఒక జవాబుగా ఉండాలి. నూరు శాతం సార్లు ఏదో ఒక పేరు చెప్పే డాక్టరు దగ్గరికి మీరు వెళ్తారా?
4. మందు అమ్మకం, రోగ నిర్ధారణ ఒకే స్క్రీన్ మీద ఉండకూడదు.
5. పదిహేను రోజుల తర్వాత ఏమైందో అడిగి రాసుకోండి. తోటలో వచ్చిన ఆక్యురసీ మాత్రమే స్లైడులో పెట్టండి.

టమాటాలో తప్పు చెప్తే ఒక పంట పోతుంది, అది కూడా చిన్న నష్టం కాదు. కొబ్బరి మొక్క కాపుకి రావడానికే ఏళ్ళు పడుతుంది, తర్వాత దశాబ్దాలు కాస్తుంది. తాత నాటితే మనవడు కాయలు దింపుతాడు. వెర్షన్ 2లో ఫిక్స్ చేస్తాం అనడం మనకి అలవాటే. నరికేసిన చెట్టుకి రోల్‌బ్యాక్ లేదు.

ఇలాంటి యాప్ మీద పనిచేసినవాళ్ళు ఇది చదువుతుంటే వ్యాఖ్య రాయండి. ఒక్కటే అడుగుతున్నా: ల్యాబ్‌లో నిర్ధారించిన నమూనాలతో పోల్చి చూస్తే తోటలో మీ నంబరు ఎంత?