రమ్ము కలిపితే చెప్పి పెట్టండి

డిసెంబరు వస్తే రమ్ బాల్స్ చేసుకోవడం మన ఇళ్లలోనూ అలవాటవుతోంది. మిగిలిన కేకు పొడిలో కోకో, కండెన్స్‌డ్ మిల్క్, జీడిపప్పు పలుకులు, కాస్త రమ్ము కలిపి, ఉండలు చుట్టి, చాకొలెట్ తురుములో దొర్లిస్తే అయిపోతుంది. పొయ్యి వెలిగించే పనే లేదు. చేసేవాళ్లకు సుఖం అక్కడే, చిక్కూ అక్కడే. ఈ ఉండ సెగ తగలకుండానే పళ్లెంలోకి వస్తుంది, పోసిన రమ్ములో చాలా భాగం అందులోనే ఉంటుంది. ఆ సంగతి చెప్పకుండా పండగ పూట నలుగురి మధ్యా పెట్టడం తప్పని నా అభిప్రాయం.

‘ఎప్పుడో ఆవిరైపోయి ఉంటుందిలే’ అనేవాళ్లు చాలామంది. పిండిలో కలిపి గంటసేపు కాల్చినా ఆల్కహాల్‌లో నాలుగో వంతు మిగులుతుందనీ, వేడి చేయకుండా రాత్రంతా ఉంచితే 70 శాతం అలాగే ఉంటుందనీ అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతున్నాయి. ‘అయినా ఎంతని, కొంచెమేగా’ అంటారు. లెక్క వేసి చూద్దాం. మన దగ్గర అమ్మే రమ్ములో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 90 మిల్లీలీటర్ల రమ్ముతో 30 ఉండలు చేస్తే ఉండకు 3 మిల్లీలీటర్లు. పెద్దవాళ్లు రెండు తిని ఊరుకుంటారు. చాకొలెట్ కనిపిస్తే పిల్లలు ఊరుకోరు. ఐదు తిన్నారనుకుందాం. ఆవిరైన 30 శాతం తీసేసినా, 10 మిల్లీలీటర్ల రమ్ముకు సరిపడా ఆల్కహాల్ 20 కిలోల బిడ్డ ఒంట్లోకి చేరుతుంది. ఒంటి బరువుతో పోల్చి చూస్తే, 60 కిలోల మనిషి 30 మిల్లీలీటర్ల పెగ్గు తాగినట్టే. దీన్ని కొంచెం అనగలమా?

పిల్లల సంగతి అలా ఉంచినా, తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్న మనిషికి కొద్దిపాటి ఆల్కహాల్ తగిలినా మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు పట్టుకోవచ్చు. మాత్రలు వాడకపోయినా, ఎంతో కష్టపడి మానుకున్నవాళ్ల నాలుకకు ఆ రుచి మళ్లీ తగిలించే హక్కు మనకెక్కడిది? గర్భిణులున్నారు, మతరీత్యా మద్యం ముట్టని ముస్లిం స్నేహితులున్నారు. అసలు క్రిస్మస్ చేసుకునే తెలుగు క్రైస్తవ కుటుంబాల్లోనే మద్యాన్ని గడప తొక్కనివ్వనివి ఎన్నో. వీళ్లెవరూ పళ్లెం ముందు నిలబడి తమ కారణం విప్పి చెప్పుకోవలసిన అవసరం రాకూడదు. ముందుగా చెప్పవలసింది పెట్టేవాళ్లే.

రమ్ము లేకపోతే అసలు రుచి రాదనేది ఇంకో అభ్యంతరం. డెన్మార్క్‌లో మిగిలిన కేకులతో బేకరీలు చేసే రమ్ ఉండల్లో చాలావాటికి వాసన ఎసెన్స్‌తోనే వస్తుంది, అక్కడి పిల్లలకు అవి ఇష్టమైన చిరుతిండి. చెరకు పండే వలస రాజ్యాలు లేని ఆస్ట్రియా వాళ్లయితే మామూలు స్పిరిట్‌కు ఎసెన్స్‌లు చేర్చి తమ సొంత ‘రమ్ము’నే తయారు చేసుకుని మిఠాయిల్లో వాడుకున్నారు. కాబట్టి ఎసెన్స్‌ను నకిలీ అని చిన్నచూపు చూడనక్కర్లేదు. కాకపోతే కొన్ని ఎసెన్స్‌లలోనూ ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద చదివి కొనాలి. నన్నడిగితే మన తాటిబెల్లం ఇంకా మేలు. రమ్ము పుట్టేది చెరకు మడ్డి నుంచి. ఆ మాడు తీపికి దగ్గరగా వచ్చే ముదురు రుచి తాటిబెల్లం పాకంలో ఉంది. కమలారసంలో రాత్రంతా నానిన కిస్‌మిస్, దోరగా వేయించిన జీడిపప్పు తోడైతే కోకో చేదుకు చక్కగా అమరుతుంది.

రమ్ముతోనే చేసుకోవాలనుకుంటే చేసుకోండి, కాదనను. అవి వేరే డబ్బాలో పెట్టి, మూత మీద ‘రమ్ము ఉంది’ అని పెద్ద అక్షరాలతో రాయండి. పిల్లల చేతికి అందని చోట ఉంచండి. పక్కింటికి పంపేటప్పుడు ఆ మాట నోటితో కూడా చెప్పండి.