చల్లేది మనుషుల మీద, రాసేది ‘పూజకు మాత్రమే’

మూఢాలు పోయి ముహూర్తాలు మొదలయ్యాయంటే కోనసీమలో ఏ కల్యాణ మండపం గుమ్మం దగ్గరైనా ఒకటే గులాబి ఘుమఘుమ. ఒకప్పుడు ఇంటి ఆడపడుచు వెండి పన్నీరు బుడ్డి పట్టుకుని నాలుగు చుక్కలు చిలకరించేది. ఇప్పుడు స్ప్రే పంపులొచ్చాయి, తుంపర కొట్టే ఫ్యాన్లొచ్చాయి. ఆ తుంపర చంటిపిల్లల కళ్ళలో పడుతోంది, పెద్దవాళ్ళ ముఖాల మీద పడుతోంది. అందులో ఏముందని అడిగేవాళ్ళు మాత్రం కనిపించరు. అడిగి తీరాలన్నదే ఈ వారం నా మాట.

అమలాపురంలో ఒక పూజాసామగ్రి కొట్లో సీసా తీసుకుని తిప్పి చూశాను. ముందు ఎర్ర గులాబి బొమ్మ. వెనక ధర, ప్యాక్ చేసిన నెల, ఒక చిరునామా, ‘పూజకు మాత్రమే’ అన్న ముక్క. లోపల ఏం కలిపారో ఒక్క అక్షరం లేదు. పెళ్ళిలో జనం మీద చల్లొచ్చా అని అడిగితే, ‘ఆయ్, అందరూ ఇదే పట్టుకెళ్తారండీ’ అన్నాడు కొట్టాయన. ఆయన తప్పేం లేదు. సీసా చెప్పనిది ఆయన మాత్రం ఎలా చెబుతాడు?

గులాబి నీటికి ఆ వాసన తెచ్చేవాటిలో ముఖ్యమైనది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్. ఆల్కహాల్ అనగానే సారా అనుకోనక్కర్లేదు; రసాయన కుటుంబం పేరు అది. రంగు లేని ద్రవం. దాదాపు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. వంద మిల్లీలీటర్ల నీళ్ళలో సుమారు 2 గ్రాములు కరుగుతుంది. పన్నీరు పుట్టుక అంతా ఈ కరగడంలోనే ఉంది. గులాబి రేకుల్ని ఆవిరి పట్టి బట్టీ దించినప్పుడు నూనె పైకి తేలుతుంది, ఈ ఆల్కహాల్ మాత్రం చాలావరకు నీళ్ళలోనే ఉండిపోతుంది. అందుకే ఆవిరి పట్టి తీసిన గులాబి నూనెలో ఇది కొద్ది శాతమే. అదే పువ్వు నుంచి ద్రావకంతో తీసిన అబ్సొల్యూట్‌లో సగానికి పైగా ఇదే.

కిలో గులాబి నూనెకు మూడు నాలుగు టన్నుల పూరేకులు కావాలి. ఆ ఖర్చుతో పెళ్ళి పన్నీరు గిట్టుబాటు కాదు. కాబట్టి చవక సీసాల్లోకి ఎక్కువగా వచ్చేది ఫ్యాక్టరీలో తయారైన సరుకే. దీన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. పువ్వులో పుట్టినా, రియాక్టర్‌లో పుట్టినా ఈ అణువు ఒకటే. గులాబీకి మాత్రమే సొంతమైనది కూడా కాదు. ఈస్టు పులిసే చోట ఇది కొంత పుడుతూనే ఉంటుంది; రొట్టెలోనూ, మన కొబ్బరి కల్లులోనూ. కాలవ గట్ల మీద మొగలి పొదలు చూస్తాం కదా, ఆ పువ్వు నూనెలో ప్రధానమైన పదార్థం దీనికి దగ్గరి చుట్టమే, దీని మిథైల్ ఈథరే. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఆ పువ్వును బట్టీ పట్టి కేవ్డా అత్తరు తీస్తారు, ఎంతోమందికి అదే జీవనం.

పరిమళం ఒక్కటే కాదు, దీనికి వేరే పనులూ ఉన్నాయి. కొన్ని జాతుల సూక్ష్మజీవులను ఎదగనివ్వదు కాబట్టి ప్రయోగశాలలో బ్యాక్టీరియాను వేరుచేసే అగార్‌లో వాడతారు. వాసన శక్తిని కొలిచే పరీక్షలకూ ఇదే కావాలి, ఎందుకంటే ముక్కును పెద్దగా మండించకుండా వాసనను మాత్రమే తెలియజేస్తుంది. జర్మనీ వైద్యుడు థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన వాసన శిక్షణలో గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి అని నాలుగు వాసనలు. రోజుకు రెండు పూటలా 12 వారాలు పీల్చాలి. గులాబి వంతుకు పెట్టింది ఈ ఆల్కహాల్‌నే. కరోనాతో వాసన పోయినవాళ్ళకు డాక్టర్లు ఈ పద్ధతే చెప్పారు.

మరి భయం దేనికి? పలచగా ఒంటి మీద పడితే సాధారణంగా హాని లేదు. యూరప్‌లో లేబుల్ మీద విడిగా రాసితీరాల్సిన పరిమళ అలర్జీ కారకాల పాత జాబితాలో గులాబికే చెందిన జెరానియాల్, సిట్రొనెల్లాల్ ఉన్నాయి కానీ ఇది లేదు. ఎలుకలకు చాలా పెద్ద మోతాదులు పట్టించిన పరీక్షల్లో పిండానికి హాని కనిపించింది. పరిమళంగా మనకు అంటేది అందులో ఎన్నో వంతో. కానీ చిక్కటి సరుకు కంట్లో పడితే గట్టిగా మండుతుంది. కంటి మందుల్లో దీన్ని నిల్వకోసం వాడిన మాట నిజమే. అది అరశాతానికి మించకుండా, శుద్ధి చేసిన సీసాలో. పెళ్ళి సీసాలో ఎంత శాతముందో ఎవరు చెప్పాలి? నీళ్ళు ఎక్కడివి? రంగు ఏది? వాసనను పలచన చేయడానికి ఏ ద్రావకం పోశారు? నన్ను కలవరపెట్టేవి ఈ ప్రశ్నలే. మన ఇళ్ళల్లో కళ్ళు ఎర్రబడితే పన్నీటి చుక్క వేసే అలవాటు ఇంకా ఉంది. ఆ అలవాటు చేతికి ఈ సీసా దొరికితే కంటికే ముప్పు.

చట్టం లేక కాదు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం శుభ్రతకో, అందానికో ఒంటికి రాసేదే కాదు, ఒంటి మీద చల్లేదీ సౌందర్య సాధనమే. 2020 నాటి నిబంధనల ప్రకారం ఒక శాతం దాటిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా లేబుల్ మీద రాయాలి, ఆ తర్వాత మిగిలినవి. ‘పూజకు మాత్రమే’ అని రాయగానే ఆ బాధ్యత తీరిపోయినట్టు నడుస్తోంది వ్యవహారం. దేవుడి పేరు చెప్పి అమ్మింది మనుషుల మీద పడుతోందని తయారీదారుకూ తెలుసు, కొట్టుకూ తెలుసు, మనకూ తెలుసు.

అధికారులు కదిలేలోపు మన చేతిలో పనులున్నాయి. రాజోలు అయినా కొత్తపేట అయినా, మండపం మాట్లాడుకునేటప్పుడే డెకరేషన్ వాళ్ళకు ఒక షరతు పెట్టండి: పదార్థాల జాబితా, తయారీ లైసెన్సు నంబరు ఉన్న పన్నీరే తేవాలి, ముఖాల మీదికి స్ప్రే కొట్టకూడదు. మిఠాయిలో, బిర్యానీలో వేసేదైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ పద్నాలుగు అంకెల నంబరు చూడండి. కంట్లో మాత్రం ఏ పన్నీరూ వద్దు. పొరపాటున పడితే మంచినీళ్ళతో బాగా కడిగి, మంట తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ‘పూజకు మాత్రమే’ సీసా పూజగదిలోనే ఉండాలి. అతిథి మర్యాదకు పేరుపడ్డ సీమ మనది. వచ్చినవాళ్ళ మీద ఏం చల్లుతున్నామో తెలుసుకోవడం ఆ మర్యాదలో మొదటి పని.