ఇంటి అడ్వాన్సుకు హద్దు కావాలి

క్వార్టరు దొరకని ఊరికి బదిలీ అయిన రైల్వే, తపాలా ఉద్యోగిని మొట్టమొదట కుంగదీసేది ఇంటి అడ్వాన్సు. బెంగుళూరులో పది నెలల అద్దెను ముందుగా పుచ్చుకొనే ఆచారం చిరకాలంగా ఉన్నది. నెలకు 12,000 రూపాయల ఇంటికి ఆ లెక్కన 1,20,000 రూపాయలు ఒక్కమారుగా చెల్లించాలి. ఇంటి అద్దె భత్యం నెలనెలా వస్తుంది. అడ్వాన్సు మాత్రం గడపలో అడుగు పెట్టకముందే కావాలి. పాత ఊరి సొమ్ము చేతికి రాకమునుపే కొత్త ఊరిలో చెల్లించవలసిన ఉద్యోగికి అప్పు తప్ప దారి లేదు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు ఈ ధరావతు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. ఇల్లు ఖాళీ చేసి అప్పగించిన నాడే, న్యాయమైన బాకీలు మినహాయించుకొని, మిగతా సొమ్ము తిరిగి ఇవ్వాలన్నది. వేరుగా వ్రాసుకొననిచో గోడల సున్నం, తలుపుల రంగు యజమాని బాధ్యతలేనన్నది.

అయితే ఇంటి అద్దెలపై శాసనాధికారం రాష్ట్రాలది. రాష్ట్రం చట్టం చేయనిదే నమూనాకు బలం లేదు. తమిళనాడు 2017 నాటి చట్టం మూడు నెలల హద్దు పెట్టి, ఒప్పందం వేరుగా ఉంటే మినహాయింపు ఇచ్చింది. ఇల్లు అత్యవసరమైనవాడు ఏ ఒప్పందానికైనా తల ఒగ్గుతాడు. అటువంటి హద్దు అతనిని కాపాడజాలదు.

యజమానులందరూ ధనికులని మేము అనడం లేదు. పదవీ విరమణ సొమ్ముతో ఇల్లు కట్టి, ఒక వాటా అద్దెకిచ్చి బ్రతికే మన పెద్దలూ ఉన్నారు. అద్దె బకాయికీ, కరెంటు బిల్లుకూ వారికి భరోసా కావలసిందే. అందుకు రెండు నెలల అద్దె చాలును. అంతకు మించినది వడ్డీ లేని అప్పే.

కనుక ఒప్పందంతో తప్పించుకొనే వీలులేని రెండు నెలల హద్దును రాష్ట్రాలన్నీ శాసనం చేయాలని మేము కోరుతున్నాము. బదిలీ అయిన ఉద్యోగికి అడ్వాన్సు నిమిత్తం వడ్డీ లేని సొమ్మును ప్రభుత్వం మంజూరు చేసి, జీతం నుండి వాయిదాలలో రాబట్టుకోవాలి. తగినన్ని క్వార్టర్లు నిర్మించాలి.

సోదర సోదరీమణులారా! రశీదు లేనిదే అడ్వాన్సు ఇవ్వకండి. చదవనిదే ఒప్పందంపై సంతకం చేయకండి. ఇల్లు చేరిన నాడే గోడలు, కుళాయిలు, కిటికీల స్థితిని వ్రాసి ఇరుపక్షాల సంతకాలు తీసుకోండి. తిరిగి రాని అడ్వాన్సుల వివరాలను మీ సంఘ శాఖకు అందజేయండి. ఆ వివరాలతోనే మనం ప్రభుత్వాల ఎదుట నిలబడవలసి ఉన్నది.