తప్పుల పద్దు

ధనముతో తీరు తప్పులు కొన్ని, తీరనివి కొన్ని కలవు. వీధిలో వాహనము నడుపువాడు చేయు తప్పు ఏ తెగకు చెందినది? ఎఱ్ఱదీపమును లెక్కచేయక ముందునకు దూకినవాడు జరిమానా చెల్లించి, రసీదు జేబులో వేసికొని, ఋణము తీరినదని తలంచును. కూలివానికి ఆ పైకము కొన్ని దినముల కూడు. ధనికునకది లెక్కలోనిది కాదు. ఒకే తప్పునకు జరిమానా ఒకనికి శిక్షయు, వేరొకనికి వెలయు అగుచున్నది.

ఈ లోపమును సరిదిద్దుటకే పెక్కు దేశములు తప్పుల పద్దు వ్రాయ మొదలిడినవి. బ్రిటనులో మితిమీరిన వేగమునకు జరిమానాతో పాటు కనీసము 3 పాయింట్లు, వాహనము నడుపుచు సెల్‌ఫోను చేతపట్టి వాడినచో 6 పాయింట్లు లైసెన్సుపై పడును. మూడు సంవత్సరములలో అవి 12 అయినచో, న్యాయస్థానము సామాన్యముగా ఆరు మాసములకు తక్కువ కాకుండ వాహనము నడుపు అర్హతను తొలగించును. క్రొత్తగా లైసెన్సు పొందినవాడు రెండేండ్లలో 6 పాయింట్లు తెచ్చుకొన్నచో లైసెన్సు రద్దగును. అతడు మరల అభ్యాసకుడై పరీక్షలు నెగ్గవలెను. జర్మనీలో 8 పాయింట్లతో లైసెన్సు పోవును. తెలంగాణలోను 2017 ఆగస్టులో ఇట్టి పద్ధతి ప్రవేశపెట్టబడినది.

బ్రిటనులో మోటారుసైకిలునకొక పద్దు, కారునకొక పద్దు లేవు. దేనిపై తప్పు చేసినను పాయింట్లు ఒకే లైసెన్సుపై చేరును. అర్హత పోయినచో రెండును నడుపరాదు. "మోటారుసైకిలుపై చేసిన తప్పునకు కారు నడుపు హక్కేల పోవలెను?" అని కొందరడుగుదురు. తప్పు చేసినది చక్రములు కావు, వానిని నడిపిన మనస్సు. రెండు చక్రములపై తొందరపడిన మనస్సు నాలుగు చక్రములపై శాంతించునను నమ్మకమేమి?

ఇంకొక ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. టాక్సీ నడిపి కుటుంబమును పోషించువాని లైసెన్సు పోయినచో, ఏ తప్పును ఎఱుగని బిడ్డలు పస్తుండవలసినదేనా? ఇది త్రోసిపుచ్చరాని మాట. కావుననే బ్రిటనులో అసాధారణమైన కష్టము కలుగునని ఋజువైనచో న్యాయమూర్తి అర్హతను తొలగింపక విడువవచ్చును. అదియునుగాక, ఈ పద్దు తొందరపడి దండించునది కాదు. మూడేసి పాయింట్ల చొప్పున పడినచో, మూడు మారులు హెచ్చరించి నాల్గవ మారు గాని లైసెన్సును ముట్టదు. అన్ని మారులు విననివాని బిడ్డలపై జాలి చూపునపుడు, వాని బండి క్రింద పడనున్నవాని బిడ్డలను మరువరాదు. వారికి నాల్గవ అవకాశము కాదు, రెండవదియు లేదు.

అయితే పద్దు వ్రాయుచేయి నిష్పక్షపాతముగా ఉండవలెను. అధికారి కుమారుని తప్పును విడిచి కూరగాయల బండివాని తప్పును మాత్రము వ్రాసినచో, జరిమానాలోని అన్యాయమే పాయింట్లలోను మిగులును. అందఱకు ఒకే కొలత ఉన్ననాడే ఆ పద్దునకు గౌరవము.

నేడు బడికి నడచిపోవు బాలబాలికలు పదునెనిమిదేండ్లు నిండినపుడు లైసెన్సు కోరుదురు. పరీక్షలో సున్న వచ్చినచో తల వంచుకొనవలసివచ్చును. తప్పుల పద్దులోనో, సున్న గలవాడే తలయెత్తుకొని తిరుగును.