బోరు నీళ్లకూ ఊరూ పేరూ ఉంటాయి

హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వల్ల బోర్లు పాడయ్యాయని జనం మొత్తుకుంటే తరచూ వినిపించే జవాబు ఒకటుంది: ఇక్కడి రాతిలోనే లవణాలున్నాయి, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకుంది, తప్పు యార్డుదేనని ఎలా తేలుస్తారు? చదువుకున్నవాళ్లు కూడా దీనికి తలాడిస్తున్నారు. నేను ఒప్పుకోను. తేల్చవచ్చు. తేల్చే పరీక్ష చేయించకుండా తేలదనడం అన్యాయం.

టీడీఎస్ మీటరు ముంచితే లవణాలు ఎంతున్నాయో తెలుస్తుంది, ఎక్కడివో తెలియదు. మరో నీటి వసతి లేనిచోట లీటరుకు 2,000 మిల్లీగ్రాముల దాకా తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకుంటుంది. మీటరు 1,500 చూపిస్తే చాలు, లవణాలు ఎక్కడివైనా సరే, ఆ బోరుపై ఎవరికీ అనుమానమే రాదు.

చెత్తగుట్ట లోపల ఏం జరుగుతుందో చూడండి. గాలి చొరబడని చోట సూక్ష్మజీవులు చెత్తను కుళ్లబెట్టి మీథేన్ వదులుతాయి. తేలికైన కార్బన్-12 ఎక్కువగా ఆ మీథేన్‌తో పోతుంది. బరువైన కార్బన్-13 మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌లో పేరుకుని చెత్తనుంచి ఊరే మురికినీటిలో, అంటే లీచేట్‌లో, కరుగుతుంది. కార్బన్-13 పాలును ఒక ప్రామాణిక నమూనాతో పోల్చి వెయ్యికి ఇంత తేడా అని చెప్పే ప్రయోగశాల కొలతలో మామూలు భూగర్భజలం సాధారణంగా సున్నాకు దిగువనే ఉంటుంది, లీచేట్ +10, +20 దాకా ఎక్కుతుంది. గ్రానైట్ ఫ్లోరైడ్ ఇస్తుంది గానీ ఇలాంటి కార్బన్ ఇవ్వదు. సెప్టిక్ ట్యాంకు మురుగు నేలలో ఇంకి ఎక్కువగా నైట్రేట్‌గా బయటపడుతుంది. పెన్సిల్వేనియాలోనైతే చీకట్లో వెలిగే ఎగ్జిట్ బోర్డుల ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, కూడా చెత్తకు గుర్తుగా లీచేట్‌లో దొరికింది.

ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకూడదు, నిజమే. లీచేట్‌లోని క్లోరైడ్ నీటితోపాటే పరుగెత్తుతుంది, అమ్మోనియా మట్టికి అంటుకుని వెనకబడుతుంది. అందుకే అమ్మోనియా కనబడలేదని యార్డును వదిలేయడమూ తప్పే. లీచేట్‌తో వచ్చే క్లోరైడ్, బోరాన్, అమ్మోనియా, కార్బన్ నాలుగు గుర్తులూ కలిపి చదవాలి.

పాత గుట్టను కప్పేశాం కదా అంటారు. ఆ కప్పు పైనుంచి పడే వానను ఆపుతుంది. అంతకుముందే రాతి పగుళ్లలోకి దిగినదాన్ని వెనక్కి లాగలేదు.

కార్బన్-12, కార్బన్-13 లాంటి ఐసోటోపులు కొలిచే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉప్పల్ రోడ్డులోనే ఉంది. మల్కారం చెరువు దగ్గర మొదలుపెట్టి దమ్మాయిగూడ దాకా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి నమూనాలు తీయించాలి. ఆ ఖర్చు చెత్త పోసినవాళ్లే పెట్టుకోవాలి, ఫలితం ప్రతి బోరు పక్కన బోర్డు మీద తెలుగులో రాయించాలి.