బండికి బీమా ఉంది, నడిపే మనిషికి?

వెనకనుంచి వచ్చి గుద్దినవాళ్ళు మొదట అనే మాట ఎప్పుడూ ఒకటే. "ఏంటి మేడమ్, అంత సడన్‌గా బ్రేకేస్తే ఎలా?" ఎర్రలైటు పడి అర నిమిషం నుంచీ కదలకుండా నిలబడి ఉన్న కారు మళ్ళీ కొత్తగా బ్రేకు ఎలా వేస్తుందో నాకైతే అర్థం కాలేదు. స్టీరింగ్ ముందు చీరో చున్నీయో కనిపిస్తే చాలు, ఆ మాట దానంతటదే నోట్లోంచి వచ్చేస్తుందేమో.

ముందు వెళ్ళే బండికి తగినంత దూరంలో ఉండాల్సింది వెనకవాళ్ళే. 1989 నాటి రోడ్డు నియమాల్లోనూ ఉంది, 2017లో వచ్చిన వాటిలోనూ ఉంది. అవసరం లేకుండా సడన్ బ్రేకు వేయకూడదనీ ఉంది, అది మనమూ ఒప్పుకోవాల్సిందే. కానీ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండికి ఆ మాట అంటదు. ఈ రెండు ముక్కలూ తెలిసి ఉంటే గొంతు వణకదు.

మమ్మల్ని గుద్దింది ఒక ట్రాలీ ఆటో. వెనక సీట్లో మా చిన్నది ఉంది, దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. డిక్కీ తలుపుకి పెద్ద సొట్ట, బంపరు రెండుగా చీలింది. ఆటో అబ్బాయి జేబులోంచి ఐదు వందలు తీసి "ఇంతే ఉందమ్మా" అన్నాడు. చుట్టూ చేరిన పదిమందీ తీర్పు చెప్పేశారు: "పొట్టకూటి వాడు, పోనీండి మేడమ్". అందులో ఒకాయన ఇంకో సలహా కూడా ఇచ్చాడు: "ముందు మీ సార్‌కి ఫోన్ చేయండి".

ఆ ఐదు వందలూ తీసుకోలేదు. తీసుకుంటే విషయం అక్కడితో తేలిపోయినట్టే. అతని బండి నంబరు, లైసెన్సు, ఇన్సూరెన్స్ కాగితం, రెండు బండ్లూ నిలబడిన తీరు, అన్నీ ఫొటోలు తీసుకుని పంపించేశాను. నిజానికి మన నష్టం ఇవ్వాల్సింది అతని బండి థర్డ్ పార్టీ బీమా. అయితే అందుకు పోలీసు కేసు, ఆ తర్వాత మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. ఒక బంపరు కోసం ఆ మెట్లెక్కే ఓపిక ఏ ఇంట్లో ఉంటుంది? అందుకే తప్పు ఎవరిదైనా చివరికి మన పాలసీ మీదే క్లెయిమ్ చేసుకుంటాం.

ఇక్కడ చాలామంది ఆడవాళ్ళకి ఒక భయం. కారు ఆయన పేరున, పాలసీ ఆయన పేరున, నేను నడుపుతుండగా తగిలింది కదా, క్లెయిమ్ ఇస్తారా అని. ఇస్తారండీ. మన దేశంలో కారు పాలసీ బండికి ఉంటుంది. ఆయన అనుమతితో, సరైన లైసెన్సుతో ఎవరు నడిపినా బండి నష్టానికి వర్తిస్తుంది. మా పక్కింటావిడ ఆ భయంతోనే పోయినేడాది సొంత డబ్బు పెట్టి షెడ్డులో బాగు చేయించుకుంది, ఇంట్లో చెప్పకుండా. కాకపోతే క్లెయిమ్ ఫారం మీద సంతకం పాలసీ ఉన్నవారిదే, ఓటీపీ వెళ్ళేదీ వారి ఫోనుకే. సర్వీస్ సెంటర్‌లో నేను ఎదురుగా కూర్చున్నా ఆ కుర్రాడు ప్రతి మాటకీ "సార్‌తో మాట్లాడతాను మేడమ్" అనడంలో అతని తప్పు సగమే, మిగతా సగం కాగితాలది.

ఇక బిల్లు. ఇది మన పద్దు పుస్తకం విషయం కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే ఇస్తారు. వెనకనుంచి దెబ్బ తగిలితే ముందుగా పోయేది బంపరు, బంపరంటే ప్లాస్టిక్. అంటే ఇంత సాధారణమైన ప్రమాదానికే ఎక్కువ కోత. పెయింటులో వాడే సరుకు ఖర్చుకీ సగమే. 1500 సీసీ లోపు కారుకి ఇంకో 1,000 తప్పనిసరిగా మనం పెట్టుకోవాలి, ఆ పైన సీసీ ఉంటే 2,000. మా బిల్లు 21,000 అయింది. బంపరూ దాని తాలూకు ప్లాస్టిక్కూ 8,600, పెయింటు 8,000, మిగతాది సొట్టలు తీసిన కూలీ. అన్ని కోతలూ పోను మా చేతినుంచి పడింది 6,300. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే ఆ సగం కోతలు ఉండేవి కావు. ఫోన్‌లో పాలసీ కొనేటప్పుడు ధర తగ్గుతుందని మావారు తీసేసిన టిక్కు అదే. కొన్నది ఆయన, బండిలో రోజూ స్కూలుకీ కూరగాయలకీ తిరిగేది నేను, బిల్లు పడింది ఇంటి ఖర్చుల డబ్బా మీద.

క్లెయిమ్ చేయాలా, మనమే పెట్టుకోవాలా అన్నదానికి ఇంకో లెక్క ఉంది. ఏ క్లెయిమూ లేకుండా ఐదేళ్ళు గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు అది సున్నా. మళ్ళీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరాలి. మా సొంత నష్టం ప్రీమియం తగ్గింపుకి ముందు 8,000. అలా ఐదేళ్ళలో పోయేది కూడితే సుమారు 10,000 తేలింది. కంపెనీ ఇచ్చేది 14,700, అంటే చేయడమే నయం. అదే కంపెనీ ఇచ్చేది ఏడెనిమిది వేలే అయితే నోరు మూసుకుని షెడ్డుకి పోవడం మేలు. ఈ కూడికలు మనకి రానివేం కాదు, చిట్టీ పాటలో ఎంత పోతుందో నోటిలెక్కన చెప్పేవాళ్ళం.

ఇదంతా బండి సంగతి. పాలసీ కాగితం మొత్తం చదివినప్పుడు నాకు అసలు కోపం వచ్చింది వేరే చోట. అందులో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది, "ఓనర్ డ్రైవర్"కి. అంటే కారు ఎవరి పేరున ఉందో వారికి. రోజూ నడిపేది నేనైనా అది నాకు వర్తించదు. నా చేతిలో చీలిన బంపరుకి సగమైనా వస్తుంది గానీ, నా కాలు విరిగితే ఆ పాలసీలో నాకంటూ పైసా లేదు. గుద్దినవాళ్ళ బీమా నుంచి రాబట్టుకోవాలంటే మళ్ళీ అదే ట్రిబ్యునల్. ఇది ఎవరూ దాచిన విషయం కాదు, మనకి చదివి వినిపించే అవసరం ఎవరికీ రాలేదంతే. పేరు రాయించి, విడిగా ప్రీమియం కట్టి, ఇంకొకరిని చేర్చుకునే వీలుంది. అడగాలి.

ఇంటావిడకి సంపాదన లేదు కదా, ఏం బీమా అంటారేమో. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో గృహిణి పనికీ ఆదాయం లెక్కగట్టాల్సిందేనని చెప్పింది. ఆ తీర్పులో దీని గురించి విడిగా రాసింది మన ఉమ్మడి కృష్ణా జిల్లాకి చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ. ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడితే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారన్న 2019 నాటి సర్వే లెక్క కూడా అందులో ఉంది. కాకపోతే ఆ కేసులో కోర్టు కట్టిన విలువ ఆవిడ పోయాక పిల్లలకి వచ్చింది. బతికుండగా మన ఏర్పాటు మనం చూసుకోవద్దూ?

నేను చేసినవి రెండు పనులు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకి ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. 18 నుంచి 70 ఏళ్ళ వరకు ఎవరైనా తీసుకోవచ్చు, పొదుపు ఖాతా ఉంటే చాలు, జీతం అడగరు. ప్రమాదంలో పోతే 2 లక్షలు, శాశ్వతంగా కొంత వైకల్యం వస్తే లక్ష. చిన్న మొత్తమే, అయినా నా పేరునా, మా అత్తయ్య పేరునా కట్టాను. రెండోది, ఈసారి రెన్యువల్‌కి మావారి ఫోను నా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. జీరో డిప్రిసియేషన్‌కి టిక్కు పెట్టి, నడిపేవాళ్ళలో నా పేరు చేర్చడానికి ఎంతవుతుందో ఏజెంటుని అడిగాను. మావారు పక్కనుంచి "ఇన్ని వందలు ఎక్కువెందుకు" అన్నారు. బంపరు బిల్లు తీసి చూపించాను. ఓటీపీ చెప్పారు.